సరస్సు దగ్గర టైమడిగే గొంతు

సరస్సు ఒడ్డున ఉన్న ఆ రాతిగది గురించి మా ఊళ్ళో అందరిదీ ఒకటే మాట... పొద్దు కొండ వెనక్కి జారాక అక్కడ ఎవరైనా టైమెంతయిందని అడిగితే, చెప్పకూడదు.

ఎవరడుగుతారు, ఎందుకడుగుతారు అంటే మాత్రం మనిషికో కథ. ఒకాయన గొర్రెల కాపరి అంటాడు. ఇంకొకావిడ పడవ మునిగిపోయిన పిల్ల అంటుంది. మా బేకరీకి గుడ్లు తెచ్చిచ్చే ఆయనైతే, పరీక్షకి ఆలస్యమైన కుర్రాడెవడో అయ్యుంటాడని తేల్చేశాడు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే. గొంతు నెమ్మదిగా ఉంటుంది. మర్యాదగా ఉంటుంది. గుసగుసగా—

"టైమెంతయిందండీ?"

అంతే. ఇంకేం అడగదు.

చెబితే? చెప్పినవాళ్ళకి టైము దగ్గరపడినట్టేనట.

అందుకని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. వినిపించగానే చెప్పులూ సంచులూ వదిలేసి పరిగెత్తినవాళ్ళే అందరూ. ఒకాయన కొత్త గొడుగు వదిలేసి వచ్చాడు. ఇప్పటికీ దాని గురించే బాధపడతాడు.

ఇప్పుడు నేను చెప్పేది మా పిన్ని నోటి నుంచి విన్నది. కొంత నర్సుగారిని అడిగి తెలుసుకున్నది.

పిన్ని అంటే వరసకి పిన్ని కాదు. నేను పనిచేసే బేకరీ ఆవిడదే. పనివాళ్ళకీ, పాలు పోసే మనిషికీ, బన్ను కొనుక్కోడానికొచ్చే పోలీసులకీ అందరికీ ఆవిడ పిన్నే. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పిండి పిసికి పిసికి చేతులు పహిల్వాను చేతుల్లా తయారయ్యాయి గానీ, గుండె మాత్రం పిచ్చుక గుండె. బొద్దింక కనిపిస్తే బల్లెక్కుతుంది.

నర్సుగారు పిన్నికి వియ్యపురాలు. పిన్ని కొడుక్కి అత్తగారు. పెద్దాసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నైట్ డ్యూటీ చేసి కిందటేడే రిటైరయ్యారు. సన్నగా, నిటారుగా, మనిషి మొత్తాన్ని ఇస్త్రీ చేసినట్టుంటారు. ఆవిడ గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదంతే.

పిన్ని కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. నర్సుగారి అమ్మాయి లైబ్రరీలో పనిచేస్తుంది. నాలుగేళ్ళు బాగానే కాపురం చేశారు. ఐదో ఏడు ఏమొచ్చిందో, ఇద్దరికీ మాటా మాటా పెరిగి చెరో గది అద్దెకి తీసుకున్నారు. విడాకులన్న మాట ఇంకా పైకి రాలేదు గానీ అందరి నాలుక చివరా అదే ఉంది.

పిల్లలు విడిపోతే తల్లులు ఊరుకుంటారా? ఫోన్లోనే తగువు పడ్డారు. మీరు మీ అబ్బాయిని అతిగారాబం చేశారని నర్సుగారు అన్నారట. ఆ మాటకి పిన్ని ఒళ్ళు మండి, "పగలంతా నిద్రపోయే తల్లి దగ్గర పెరిగిన పిల్లకి సంసారం ఏం తెలుస్తుందిలెండి" అనేసింది. అంతే. రెండు నెలలు ఎడమొహం పెడమొహం.

వీళ్ళందరి మధ్యా నలిగిపోయింది మాస్టారు.

మాస్టారంటే కుక్క. బూడిదరంగు ఒళ్ళు, గడ్డం కింద తెల్లవెంట్రుకలు, కళ్ళజోడు మీద నుంచి చూస్తున్నట్టు ఓ చూపు. ఆ చూపు చూశాక ఎవరికీ 'అది' అనబుద్ధి కాదు. మాస్టారు వచ్చారు, మాస్టారు మొరిగారు, మాస్టారు సోఫా కొరికారు... ఆ ఇంట్లో అలాగే అంటారు. వారం ఇతని దగ్గర, వారం ఆమె దగ్గర అని పంచుకున్నారు. మాస్టారికి ఆ టైంటేబుల్ నచ్చలేదు. తిండి మానేశారు.

పశువుల డాక్టరు రెండ్రోజులు తన దగ్గరే ఉంచుకుని చూసి, "జబ్బేం లేదు, బెంగ. ఎక్కడైతే హుషారుగా ఉంటాడో అక్కడికి తీసుకెళ్ళండి" అన్నాడు.

మాస్టారు హుషారుగా ఉండేది ఒక్కచోటే. కొండ మీది సరస్సు. నెలకోసారి మొగుడూ పెళ్ళాం ఆయన్ని తీసుకుని అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు.

ఆ ఆదివారం ఇద్దరికీ డ్యూటీ పడింది. ఒకరికి తెలీకుండా ఒకరు ఎవరి తల్లికి వాళ్ళు ఫోన్ చేశారు.

ఉదయం ఏడింటికి డాక్టరుగారి గేటు ముందు పిన్ని, నర్సుగారు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ కుక్క గొలుసులున్నాయి.

"మీరెందుకొచ్చారు?" అంది పిన్ని.

"మీరెందుకొచ్చారో అందుకే."

డాక్టరు కిటికీలోంచి చూసి, "ఒకళ్ళా, ఇద్దరా? రెండు గొలుసులూ తగిలించనా?" అన్నాడు.

ఎవరూ వెనక్కి తగ్గలేదు. రెండు గొలుసులూ తగిలించుకునే మాస్టారు బస్సెక్కారు.

* * *

ఎక్కడం బాగానే సాగిందట. ఎండ ఉంది, గాలి ఉంది. పిన్ని బేకరీలో వేసుకునే రబ్బరు బూట్లతో, నర్సుగారు ఆసుపత్రి తెల్ల బూట్లతో... ఎదురొచ్చిన వాళ్ళు ఒకటికి రెండుసార్లు చూశారట. మాస్టారు ముందు, గొలుసులు చెరోవైపు. ఏదైనా చెప్పుకోవాలంటే కుక్కకి చెప్పారు.

"మాస్టారూ, కొంతమందికి నడుస్తూ మంచినీళ్ళు తాగకూడదని తెలీదండీ."

"మాస్టారూ, కొంతమందికి రిటైరయినా డ్యూటీ దిగబుద్ధి కాదండీ."

మాస్టారు ఇటు చూశారు, అటు చూశారు. ముందుకి లాగారు.

ఒంటిగంట దాటాక సరస్సు కనిపించింది. చుట్టూ కొండలు, మధ్యలో నీలంగా నీళ్ళు. గొలుసులు విప్పగానే మాస్టారు చిన్నపిల్లాడైపోయారట. నీళ్ళలోకి దూకారు, వచ్చి ఇద్దరి మీదా విదిలించారు, మళ్ళీ దూకారు. రెండువారాలుగా ముట్టని తిండి, పిన్ని తెచ్చిన రొట్టె మొత్తం, నర్సుగారు తెచ్చిన ఉడకబెట్టిన గుడ్లు నాలుగూ... ఒక్క ఊపులో తినేశారు.

అది చూసి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వేశాక ఇంకా బిగుసుకుపోయి కూర్చోడం కష్టం కదా. నర్సుగారు ఫ్లాస్కులో టీ రెండు మూతల్లో పోశారు.

"మీ అమ్మాయి నా పొయ్యి దగ్గర ముక్కాలిపీట వేసుక్కూచుని కబుర్లు చెప్పేది వదినగారూ," అంది పిన్ని నీళ్ళకేసి చూస్తూ. "ఇప్పుడు మా షాపు ముందు నుంచి వెళ్తూ తల దించుకుని పోతోంది. అది నాకు..."

నర్సుగారు టీ పూర్తిచేసి మూత విదిలించారట. తర్వాత, "మీ అబ్బాయి మా ఇంట్లో బల్బు మార్చి రెండు నెలలైంది. మొన్న అది కాలిపోయింది. ఇంకోటి వెయ్యలేదు నేను," అన్నారు.

ఆ మాటల్లో పడి కాస్త సేపు నడుం వాల్చారు. కొండగాలి కదా... కళ్ళు మూతలు పడ్డాయి.

పిన్నికి మెలకువ వచ్చేసరికి సరస్సు లేదు.

ఉంది గానీ కనిపించట్లేదు. మంచు దిగిపోయింది. తెల్లగా, దట్టంగా, దుప్పటి కప్పినట్టు. తన రబ్బరు బూట్లు తనకే సగం కనిపిస్తున్నాయట.

"వదినగారూ..."

"ఇక్కడే ఉన్నాను. లేవండి. అయిదు దాటింది. దిగిపోదాం."

"మాస్టారేరి?"

నర్సుగారు పిలిచారు. పిన్ని పిలిచింది. ఈల వేసింది. జవాబు లేదు...

మళ్ళీ పిలిచారు. అప్పుడు, ఎక్కడో అవతలి ఒడ్డు వైపు నుంచి, సన్నగా ఒక కుయ్యిమన్న మూలుగు.

పిన్ని ఆ వైపు వెయ్యబోయిన అడుగు వెనక్కి తీసుకుంది. అవతలి ఒడ్డున ఉన్నది ఒక్కటే. ఆ రాతిగది.

* * *

"నేను రానండీ," అంది పిన్ని.

"రాకండి. ఇక్కడే కూచోండి."

ఒంటరిగా కూర్చోవడం కంటే ఇద్దరూ కలిసి చావడమే మేలనిపించి పిన్ని వెనకాలే బయల్దేరింది. నర్సుగారి చున్నీ కొస ఒకటి పట్టుకుంది. ఒడ్డు వెంబడి రాళ్ళ మీద... ఒక్కో అడుగూ... నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో తెలీదు. చప్పుడల్లా పక్కనెక్కడో నీళ్ళు రాళ్ళని తట్టడమే. మూలుగు దగ్గరవుతోంది.

వెలుగు తగ్గుతోంది.

మంచులోంచి గోడ ఒక్కసారిగా ముందుకొచ్చింది. నల్లరాయి, పైన రేకుల కప్పు. తలుపు బారెడు తెరిచి ఉంది. లోపల చీకటి.

ఆ చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి. పిన్ని కెవ్వుమనబోయి ఆగింది. మాస్టారివి. కూర్చుని ఉన్నారు. రావట్లేదు. పిలిచినా రావట్లేదు... తోక మాత్రం నేలకేసి కొడుతున్నారు.

"మాస్టారూ, రండి... రండి నాన్నా..." పిన్ని గొంతు తనకే వినిపించలేదట.

అప్పుడు వినిపించింది.

"టైమెంతయిందండీ?"

గుసగుస. ఆడా మగా తెలీదు. గుసగుసకి ఆడేమిటి మగేమిటి? చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా, గదిలోంచే.

పరిగెత్తమని పిన్ని బుర్ర చెబుతోంది. చున్నీ కొస గుప్పిట్లో ముద్దయిపోయింది. ఇద్దరం ఇప్పుడు వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా, మెల్లగా...

"ఆరవడానికి పది నిమిషాలుందండీ," అన్నారు నర్సుగారు.

అలవాటుగా! వాచీ చూసుకుని మరీ!

"చెప్పేశారా?" పిన్ని ఏడుపు గొంతుతో గుసగుసలాడింది. "వదినగారూ, చెప్పేశారా!"

"అడిగితే చెప్పకుండా ఎలా?" ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డులో అర్ధరాత్రి మెలకువ వచ్చిన ప్రతి రోగీ మొదట అడిగేది అదేనట. దాహం కాదు, నొప్పి కాదు. టైమెంతయింది సిస్టర్... దానికి జవాబు నర్సుగారి నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

గదిలో మాస్టారు తోక ఇంకా నేలకేసి కొడుతూనే ఉన్నారు.

నర్సుగారు ఫోన్ టార్చి వెలిగించి లోపలికి అడుగుపెట్టారు.

మాస్టారు పక్కన, నేల మీద, ఒక మనిషి.

దెయ్యం కాదు. నీలం చొక్కా వేసుకున్న మనిషి. ఒక కాలు ఉండకూడని వంపు తిరిగి ఉంది. పక్కన విరిగిన నిచ్చెన. ప్రతి ఆదివారం వచ్చి సరస్సులో నీటిమట్టం రాసుకుపోయే ఉద్యోగి ఆయన. అటక మీదున్న పాత కొలతబద్ద తీద్దామని నిచ్చెనెక్కితే మెట్టు విరిగింది. పొద్దున్న పదింటి నుంచి అలాగే పడి ఉన్నారు.

పిన్నికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఓరి నాయనోయ్... మనిషి! మీరా టైమడిగింది!" అంటూ గోడకి చేరగిలబడి ఏడుస్తూ నవ్వింది. ఇన్నేళ్ళ భయం, ఇన్నాళ్ళ కథలు... చివరికి కాలు విరిగిన గవర్నమెంటు ఉద్యోగి!

నర్సుగారు నవ్వలేదట. టార్చి ఆయన మొహం మీదికి తిప్పారు. ఒక్క క్షణం... అలాగే ఉండిపోయారు. తర్వాత తల తిప్పి గది నాలుగు మూలలా టార్చి వేసి చూశారు. ఏం లేదు.

"ఏంటండీ?" అంది పిన్ని.

"ఏం లేదు. చలిగా ఉంది." ఆ మాట అని తన చున్నీ తీసి, ఆయన గడ్డం కింది నుంచి నెత్తి మీదకి, పన్నునొప్పి వచ్చినవాళ్ళకి కట్టినట్టు గట్టిగా కట్టారు. నిచ్చెన కర్రలు రెండు కాలికి ఆనించి పిన్ని నడికట్టుతో బిగించారు. ఆయన కళ్ళు తెరిచి చూస్తున్నారు గానీ చూపు నిలవట్లేదు.

"నాడి బాగా తగ్గిపోతోంది," అన్నారు నర్సుగారు. "ఇక్కడ ఫోన్ పని చెయ్యదు. మలుపు దగ్గర బల్ల ఉంది చూడండి, మనం యాపిల్ తిన్నాం, అక్కడ సిగ్నలుంది. మీరు వెళ్ళండి."

"నేనా! ఒక్కదాన్నా!"

"మాస్టారు తోడొస్తారు. దారి ఆయనకే బాగా తెలుసు."

"మరి మీరు? ఈ గదిలో ఒక్కరే..."

"ఒక్కదాన్నేంటండీ," అన్నారు నర్సుగారు నాడి మీద వేళ్ళు తియ్యకుండా. "మనిషున్నాడుగా. వెళ్ళండి వదినగారూ. ఆలస్యం చెయ్యకండి."

* * *

ఆ దిగడం గురించి పిన్ని నాకు చెప్పినప్పుడు పిండి పిసకడం ఆపేసింది.

మంచు, చీకటి, జారే రాళ్ళు. గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. మాస్టారు లాగుతుంటే వెనక తను. చెట్టు కొమ్మ తగిలితే కెవ్వు, రాయి దొర్లితే కెవ్వు. భయం పోవడానికి సోమవారం ఆర్డర్లు పైకి వల్లించిందట. "స్కూలుకి బన్నులు రెండొందలు... ఆసుపత్రి క్యాంటీనుకి రొట్టెలు యాభై... టీచరుగారింటికి కేకు ఒకటి, పైన 'హ్యాపీ బర్త్ డే చిట్టీ'..." ఆ కొండ మీద దెయ్యాలేవైనా ఉండుంటే మా షాపు వివరాలన్నీ వాటికిప్పుడు తెలుసు.

సగం దారిలో ఆర్డర్లు అయిపోయాయి. అప్పుడు ఇంకో సంగతి బుర్రలోకి వచ్చిందట.

తను వెలుగు వైపు వెళ్తోంది. ఆవిడ అక్కడ కూర్చుంది. ఎవరో తెలియని మనిషి చెయ్యి పట్టుకుని. ముప్ఫై నాలుగేళ్ళూ ఆవిడ అలాగే కూర్చున్నారు. ఊరంతా దుప్పట్లు కప్పుకుని పడుకున్నాక, ఎవరో ఒకళ్ళ మంచం పక్కన. అలా కూర్చుని వచ్చిన మనిషిని పట్టుకుని... పగలంతా నిద్రపోయే తల్లి అంది తను.

"అప్పుడు భయం పోయిందే," అంది పిన్ని. "సిగ్గేసింది. సిగ్గు వేస్తే మనిషి భలే పరిగెడుతుంది తెలుసా?"

బల్ల దగ్గర సిగ్నల్ దొరికింది. కొండ కింద గేటు దగ్గరుండే సహాయం వాళ్ళు జీపులో ఆఖరి మలుపుదాకా వచ్చారు. స్ట్రెచర్ పట్టుకుని నలుగురు మనుషులు. వాళ్ళలో పెద్దాయన పిన్నిని జీపులో కూర్చోమన్నాడు.

"మా వదినగారు పైనున్నారు," అంది పిన్ని.

"మేం తీసుకొస్తామమ్మా."

"దారి చూపించాల్సింది మాస్టారు. మాస్టారు నా మాట తప్ప వినరు." అది పచ్చి అబద్ధం. మాస్టారు ఎవరి మాటా వినరు. అబద్ధమాడి మరీ మళ్ళీ కొండెక్కింది మా పిన్ని, బొద్దింకని చూసి బల్లెక్కే మనిషి!

వాళ్ళు చేరేసరికి ఎనిమిదిన్నర. రాతిగది తలుపు వేసి ఉంది. తోసి చూస్తే... నర్సుగారు గోడకి ఆనుకుని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి ఆయన నాడి మీద.

"వచ్చారా," అన్నారు అంతే.

పిన్ని పక్కన కూలబడి ఆవిడ రెండో చెయ్యి పట్టుకుందట. ఐసుగడ్డలా ఉందట. "ఆ రోజు ఫోన్లో నేనన్న మాట..." అని మొదలెట్టింది.

"తర్వాత," అన్నారు నర్సుగారు. "ముందు స్ట్రెచర్‌కి దారివ్వండి. కాళ్ళు అడ్డం పెట్టుకుని కూచున్నారు."

కింద గేటు దగ్గర కొడుకూ కోడలూ ఉన్నారు. ఎవరెవరికి ఫోన్ చేశారో తెలీదు, ఒకే ఆటోలోంచి దిగారు. దిగుతూనే ఇద్దరు తల్లుల్నీ ఒక్క గొంతుతో వాయించేశారు. ఈ వయసులో ఈ పనులేంటి, మంచులో నిద్రేంటి, ఫోన్ చార్జింగ్ చూసుకోరా... ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. రెండు నెలల్లో వాళ్ళిద్దరూ ఒక్క విషయం మీద ఏకమవడం అదే మొదటిసారి. తల్లులు కిక్కురుమనలేదు. ఎక్కడ ఆపేస్తారోనని భయపడి తలలూపుతూ కూర్చున్నారు. మాస్టారు వాళ్ళిద్దరి పాదాల మీదా అడ్డంగా పడుకుని గురక పెట్టారు.

వాళ్ళు మళ్ళీ కలిశారా అంటే... ఇంకా రెండు గదులే. అయితే ఆ పిల్ల మొన్న మా షాపులోకి వచ్చింది. ముక్కాలిపీట ఎక్కడుందని అడిగింది. పిన్ని దాన్ని తుడిచి వేసిన తీరు చూస్తే రాజుగారికి సింహాసనం వేస్తున్నారనుకుంటారు.

* * *

నాలుగోరోజు వియ్యపురాళ్ళిద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు, ఆయన్ని చూడటానికి. పిన్ని మెత్తటి కేకు తీసుకెళ్ళింది.

కేకు పనికిరాలేదు. ఆయనకి మొహం చుట్టూ కట్టుంది. నోరు తెరవడానికి లేదు. కాయితం అట్ట ఒకటి చేతికిచ్చారు, ఏదన్నా కావాలంటే రాసి చూపించడానికి. వీళ్ళని చూడగానే ఆయన కళ్ళు చెమర్చాయట. గబగబా రాసి తిప్పి చూపించారు.

'నా ప్రాణం నిలబెట్టారు. ముగ్గురు అమ్మలకీ దండాలు.'

పిన్నికి నవ్వొచ్చింది. "ముగ్గురేంటండీ, ఇద్దరమే! ఆ మూడో ఆయన కుక్క. పైగా మాస్టారు మగవాడు!"

ఆయన నవ్వలేదు. తల అడ్డంగా ఆడించారు. మళ్ళీ రాశారు.

'మీకంటే ముందు నుంచీ ఉన్నావిడ. పొద్దున్నుంచీ నా పక్కనే కూచుంది. కళ్ళు మూతపడుతుంటే టైమెంతయిందని అడిగేది. నిద్రపోనివ్వలేదు.'

పిన్ని అది రెండుసార్లు చదివింది. "అదేంటండీ, అడిగింది మీరే కదా? మేం తలుపు దగ్గరకి రాగానే మీరే కదా అడిగారు..."

ఆయన కట్టు వైపు వేలు చూపించారు.

అప్పుడే మందులు ఇవ్వడానికొచ్చిన నర్సు, "ఈయనకి దవడ రెండు చోట్ల విరిగిందండీ. నిచ్చెన మీంచి పడినప్పుడే. మాట కాదు కదా, మూలగడం కూడా కష్టమే," అని చెప్పి వెళ్ళిపోయింది.

పిన్ని మెల్లగా పక్కకి తిరిగి చూసింది. నర్సుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

వరండాలోకి వచ్చాక పిన్ని ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది.

"మీకు తెలుసా?"

"టార్చి వెయ్యగానే తెలిసింది. ఆ దవడతో ఎవరూ మాట్లాడలేరండీ."

"తెలిసీ నన్ను పంపేశారా! తెలిసీ అక్కడ కూచున్నారా! ఒక్క మాట చెప్పలేదేం నాకు?"

"చెబితే నన్నక్కడ వదిలి వెళ్ళేవారా మీరు?"

పిన్ని వెళ్ళేది కాదు. ఈడ్చుకుపోయేది. ఆ మనిషి అక్కడే పోయేవాడు.

ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు. చివరికి పిన్నే గొంతు తగ్గించి అడిగింది.

"నేను వెళ్ళాక... మళ్ళీ అడిగిందా?"

"అడిగింది. నాలుగుసార్లు."

"మరి... మీరు?"

"చెప్పాను. నాలుగుసార్లూ."

నర్సుగారు బ్యాగు భుజానికి సర్దుకున్నారట, బస్సుకి ఆలస్యమవుతున్నట్టు.

"ఆఖరిసారి ఎనిమిదీ పది అని చెప్పాను. 'ఎనిమిది దాటిందా... అయితే ఇంక రాడులెండి' అంది. లేచి వెళ్ళిపోయింది వదినగారూ. అంత మర్యాద తెలిసిన మనిషి, తలుపు మాత్రం బార్లా తీసి పోయింది. బయట ఎముకలు కొరికే చలి... నేనే లేచి వేసుకున్నాను."